కాపీ తీసిన ఫ్యాను

పదకొండింటికి రమ్మన్నారు. పదకొండుంబావు అయింది, ఇంకా పిలవలేదు. మీటింగు గది బయట నాలుగు కుర్చీలున్నాయి, నేను మూడో దాంట్లో కూర్చున్నాను, ఎందుకంటే దాని నెత్తి మీదే జాలీ ఉంది. గదిలోకి చల్లగాలి తోస్తే లోపలి గాలి ఎక్కడో ఒకచోట బయటికి పోవాలి కదా, దానికోసం గోడకి కన్నం పెట్టి జాలీ బిగిస్తారు, ఈ ఆఫీసు కట్టినప్పుడు ఆ కన్నం ఎక్కడ పెట్టాలో గీసింది నేనే. గాలి వచ్చే దారినే మాటా వస్తుంది. మాట రాకుండా లోపల మెత్తటి పొర అతికించమని కూడా గీశాను, బిగించినవాడు ఎవడు చూస్తాడులే అని వదిలేశాడు, నేనూ అడగలేదు. పదకొండేళ్లుగా ఈ గదిలో ఎవరికి పెద్ద కుర్చీ వచ్చిందో, ఎవరిని సాగనంపుతున్నారో అందరికంటే ముందు నాకే తెలుసు. ఒక్కడికీ చెప్పలేదు, కడుపులో పెట్టుకున్నాను. ఇవాళ సాగనంపేది నన్నేనేమో, అదీ ముందు నాకే తెలుస్తుంది. నిన్న పెద్దాయన అందర్నీ నిలబెట్టి చెప్పాడు, పొగ పోకపోవడానికి కారణం ఎవడో రేపు తేలుస్తాను, తేలినవాడు సాయంత్రం తర్వాత ఈ గడప తొక్కడు అని. పెద్దాయన అంటే ఈ ఆఫీసు యజమాని, మాట అంటే అన్నట్టే. ఇప్పుడు లోపల అదే తేలుతోంది. గాజు గోడకి నడుము ఎత్తు నుంచి తల ఎత్తు దాకా తెల్లకాగితం అతికించారు, మనుషులు కనబడరు, కింద బూట్లు మాత్రం కనబడతాయి. అయిదు జతలు. అందులో మూతి కోసుగా, అద్దంలా మెరుస్తూ, ఒక కాలు మీద ఇంకో కాలు వేసుకుని ఊగుతున్న జత మా బావమరిదిది. ఊగనీ. ఎంతసేపు ఊగుతుందో చూస్తాను.

పొగ సంగతి చెప్పాలి మీకు. కొత్త ఆసుపత్రి కింద రెండంతస్తుల్లో కార్లు పెట్టే చోటు కట్టారు, దాంట్లోకి గాలి తోయడం, లాగడం మొత్తం మా ఆఫీసు డిజైను. ఎప్పుడైనా కింద నిప్పు రాజుకుంటే పొగని బయటికి లాగెయ్యడానికి ఫ్యాన్లు పెట్టాం, పై అంతస్తుకి మూడు, కింది అంతస్తుకి నాలుగు. పోయిన శుక్రవారం తనిఖీ. ఒక మిషను పెట్టి కింది అంతస్తు నిండా తెల్లటి పొగ వదిలారు, ఫ్యాన్లు వేశారు, పది నిమిషాల్లో పోవాలి. ఫ్యాన్లు బ్రహ్మాండంగా మోగాయి, పొగ మాత్రం పొమ్మంటే పోని చుట్టంలా అక్కడే కూర్చుంది. పది నిమిషాలు, ఇరవై, ముప్పై. తనిఖీకి వచ్చినాయన జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని పుస్తకంలో ఒక్క లైను రాసుకుని వెళ్లిపోయాడు. ఆసుపత్రి తెరవడం ఆగిపోయింది. తర్వాత నిచ్చెన వేసుకుని పైకెక్కి చూస్తే ఫ్యాను ఒంటి మీద రేకు మీద కొట్టిన అంకె రెండొందల యాభై, మా డ్రాయింగులో ఉన్న అంకె నాలుగొందల యాభై. గాలిని ఎంత బలంగా నెడుతుందో చెప్పే అంకె అది, ప్రెజర్ అంటారు. అంటే బక్కవాడిని చూసి పహిల్వాన్ అని రాసుకుని, వాడి నెత్తిన రెండు మూటలు ఎక్కించాం. వాడు మాత్రం ఏం చేస్తాడు.

ఆ నాలుగొందల యాభై ఎక్కణ్ణుంచి వచ్చిందంటే లైబ్రరీ నుంచి వచ్చింది. లైబ్రరీ అంటే పుస్తకాలు కాదు. ఈ డిజైను సాఫ్ట్‌వేర్లో మనం ఫ్యాను కావాలంటే ఫ్యాను, పంపు కావాలంటే పంపు తీసి బొమ్మలో పెడతాం, దాని పొడుగు వెడల్పు, బరువు, ఎంత గాలి, ఎంత ప్రెజర్, ఎంత కరెంటు అన్నీ దాంతోపాటే వస్తాయి, వాటిని పట్టుకుని గొట్టాల సైజులు సాఫ్ట్‌వేరే తేలుస్తుంది. పెద్ద కంపెనీల మిషన్లయితే తయారుగా దొరుకుతాయి. షెడ్డుల్లో చేసే చిన్నవాళ్ల మిషన్లు దొరకవు, ఎవడో ఒకడు కూర్చుని కాగితం కేటలాగు చూసి ఒక్కో గడీ నింపాలి. ఆ ఎవడో ఒకణ్ణి నేను. పద్నాలుగేళ్లు. రెండువేల మూడొందల అరవై ఎంట్రీలు. ఎనిమిదో తరగతితో బడి మానేసి రేకు వంచడానికి వెళ్లినవాణ్ణి, గొట్టాలు చేసి చేసి, ఎక్కించి ఎక్కించి, ఒకరోజు నిచ్చెన మీద నుంచి పడి మోకాలు పోతే, పెద్దాయన తీసుకొచ్చి కంప్యూటరు ముందు కూలేశాడు. ఇంగ్లీషు రాదు, అంకెలు వచ్చు. అంకెలు చాలు. కేటలాగులో అంకెలు నేను నమ్మను, అది పెళ్లి ఫోటోలాంటిది, ఎవడైనా బాగానే ఉంటాడు. షెడ్డుకి వెళ్లి టేపు పెట్టి కొలుచుకుని వచ్చేవాణ్ణి, ఫిల్టరు తలుపు తెరిస్తే ఎంత చోటు కావాలో, బోల్టు విప్పడానికి మనిషి మోచెయ్యి ఎంత వెనక్కి పోవాలో, అది కూడా కలిపి పెట్టేవాణ్ణి. గాలి సాఫీగా పోతే డ్రాయింగు గీసినవాడికి దండ, పోకపోతే లైబ్రరీలో ఏదో తేడా ఉంది బాబాయ్ అంటారు. కేటలాగు బాబాయ్ అని నాకు పేరు. ముద్దుగా పిలుస్తున్నారనుకున్నాను చాలా ఏళ్లు, పిచ్చోణ్ణి.

బూటు ఊగడం ఆగింది. రెండు కాళ్లూ నేల మీదకి వచ్చాయి. మంచిది. మా ఆవిడ పొద్దున టిఫిను పెడుతూ అంది, "వాడేమన్నా మీరు ఎదురు చెప్పకండి, నా తమ్ముడు మీకు పరాయివాడా" అని. పరాయివాడు కాదు కాబట్టే ఒళ్లు మండుతుంది, పరాయివాడైతే మర్చిపోదును. తొమ్మిదేళ్ల కిందట ఒక సంచీ, ఒక సర్టిఫికెట్టు పట్టుకుని మా ఇంటికొచ్చాడు, పెద్ద చదువే, కాదన్ను, ఉద్యోగం మాత్రం లేదు. మా ముందుగదిలో ఎనిమిది నెలలు పడుకున్నాడు, నా లుంగీలు కట్టుకున్నాడు, నా పేపరు నాకంటే ముందు చదివాడు. పెద్దాయన కాళ్లావేళ్లా పడి నేనే చేర్పించాను. మూడేళ్లు తిరక్కుండానే డిజైను విభాగానికి పెద్ద అయ్యాడు. అవుతాడు, మాట నేర్చాడు కాబట్టి. నేను వాడికి నెక్‌టై అని పేరు పెట్టాను, నా మనసులోనే లెండి. ఒకసారి ఊళ్లోని డిజైనర్లందరూ కలిసిన సభలో స్టేజీ ఎక్కి మా లైబ్రరీని తెర మీద చూపించాడు. మా సంస్థ సొంత లైబ్రరీ, నేను రూపొందించిన పద్ధతి, నేను పెట్టిన ప్రమాణాలు అంటూ నలభై నిమిషాలు. అత్త సొమ్ము అల్లుడు దానం. నేను ఆఖరి వరుసలో కూర్చుని నీళ్ల సీసా మూత తిప్పుతూ ఉన్నాను, తీస్తూ పెడుతూ, చివరికి చప్పట్లు కొట్టేటప్పుడు మూత కింద పడి ఎక్కడికో దొర్లిపోయింది. ఇంటికొచ్చాక "బావా, బాగా మాట్లాడానా?" అని అడిగాడు. బాగా మాట్లాడావురా అన్నాను. ఆ మాట ఇప్పటికీ నోట్లో వేపకాయలా ఉంది.

జాలీలోంచి పెద్దాయన గొంతు దిగింది.

"సుత్తి వద్దు. ఈ లైబ్రరీ ఎవరి చేతిలో ఉంది, అది చెప్పు."

"నాదే సార్. విభాగం మొత్తం నా కిందే కదా."

"చేసింది ఎవరయ్యా అంటున్నాను."

"పద్ధతి, ప్రమాణాలు, అన్నీ నేనే సార్."

చూశారా. ఇంత పీకల మీదికి వచ్చినా వదలడు. అలవాటైపోయింది వాడికి, నాదే అనడం, చంటిపిల్లాడు కనబడ్డ ప్రతిదీ నోట్లో పెట్టుకున్నట్టు. అప్పుడు ఇంకో గొంతు, ఆడమనిషిది, ఆసుపత్రి తరఫున వచ్చిన ఇంజనీరమ్మ, శుక్రవారం పొగలో కూడా దగ్గకుండా నిలబడ్డది ఆవిడ ఒక్కతే. "అయితే సరిపోయింది. ఈ ఫ్యాను ఎంట్రీ నా ముందే తెరిచి ఉంది. తయారు చేసినవారు అనే గడిలో మీ పేరే ఉంది, చూసుకోండి" అంది. నాకు నెత్తి మీద చల్లటి గాలి తగిలింది, జాలీది కాదు, నా లోపల్నుంచి వచ్చింది. నవ్వొచ్చింది, నోరు మూసుకున్నాను, ఎదురుగా రిసెప్షన్ అమ్మాయి చూస్తోంది. దేవుడున్నాడు. వాడి పేరే. వాడి నోటితో వాడే నాదే అన్నాడు, రికార్డూ వాడిదే అంది, ఇంకేం కావాలి. సాయంత్రానికి పెట్టె సర్దుకుంటాడు. సొరుగులో అద్దం, దువ్వెన, రెండు రంగుల నెక్‌టైలు, అన్నీ ఒక అట్టపెట్టెలో పెట్టుకుని లిఫ్టు కోసం నిలబడతాడు, నేను అటుగా వెళ్తూ లిఫ్టు బటన్ నొక్కి పెడతాను, సాయంగా. మా ఆవిడ ఏడుస్తుంది. ఏడవనీ, నాలుగు రోజులు. నేనేమన్నా చేశానా? రికార్డు చెప్పింది.

రికార్డు చెప్పింది, బాగానే ఉంది, కానీ వాడి పేరెందుకు చెప్పింది? వాడు జన్మలో ఒక్క ఎంట్రీ కూడా చెయ్యలేదే. కాదు, ఒకటి చేశాడు. చేరిన మొదటి రోజు నా పక్కన కూర్చోబెట్టుకుని, పని తెలియాలి కదా అని, ఒక ఫ్యాను కాగితం చేతిలో పెట్టి నింపరా అన్నాను. షెడ్డువాళ్లు కొత్తగా చేసిన పెద్ద ఫ్యాను. రెండు వేళ్లతో కొట్టాడు, మధ్యాహ్నం మొదలెడితే చీకటి పడేవేళకి అయింది, ప్రతి గడీ కొట్టాక వేలు కాగితం మీద పెట్టుకుని మళ్లీ చూసుకునేవాడు. తయారు చేసినవారు గడి దగ్గర ఆగి "ఇక్కడ నా పేరు కొట్టొచ్చా బావా?" అన్నాడు. కొట్టుకోరా, నీదే కదా అన్నాను. ఆ పెద్ద ఫ్యాను ప్రెజర్ ఎంత? నాలుగొందల యాభై.

కుర్చీ అంచు పట్టుకున్నాను. నాలుగొందల యాభై. గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే, ఎవరూ అడక్కుండానే చెయ్యి భుజం మీదికి పోయింది. మా పనిలో ఎవడూ ఖాళీ ఎంట్రీతో మొదలెట్టడు. ముప్పై ఏడు గడులుంటాయి, అందులో ముప్పై పాతదానికీ కొత్తదానికీ ఒకటే, అందుకని పాత ఎంట్రీకి కాపీ తీసి, పేరు మార్చి, తేడా ఉన్న ఏడు గడులు మాత్రం దిద్దుతాం. అందరూ అంతే, నేను మరీనూ, రెండువేల మూడొందల అరవైలో ఖాళీగా మొదలెట్టినవి వందకి మించవు. కాపీ తీస్తే అన్నీ వస్తాయి, తయారు చేసినవారి పేరుతో సహా, చెరిపితే తప్ప పోదు, అది కనబడేది కూడా ఆఖరున ఎక్కడో. ఆరేళ్ల కిందట అదే షెడ్డు నుంచి చిన్న ఫ్యాను వచ్చింది. నేనే వెళ్లి కొలుచుకుని వచ్చాను. పెద్ద ఫ్యానుకి కాపీ తీశాను. పొడుగు మార్చాను, వెడల్పు మార్చాను, బరువు, గాలి, కరెంటు మార్చాను. అప్పుడు ఫోను మోగింది. మా ఆవిడ. "తమ్ముణ్ణి విభాగానికి పెద్దని చేశారంటండీ, ఇప్పుడే చెప్పాడు" అని ఫోనులోనే ఏడుస్తోంది సంతోషంతో. "మాట్లాడరేం? మీకు సంతోషంగా లేదా?" అంది. ఉంది ఉంది అన్నాను. జాలీలోంచి ఆ కబురు నాకు ముందే తెలుసు, కానీ వాడు ముందు అక్కకి చెప్పాడు, నాకు చెప్పలేదు, పది అడుగుల దూరంలో కూర్చుని. ఫోను పెట్టేసి సేవ్ నొక్కాను. ఎంత గట్టిగా నొక్కానంటే మౌసు చప్పుడుకి పక్కవాడు తిరిగి చూశాడు. ప్రెజర్ గడి దాకా నేను వెళ్లలేదు. ఆరేళ్లుగా ఆ బక్క ఫ్యాను పహిల్వాన్ చొక్కా వేసుకుని, వాడి పేరు రొమ్మున రాసుకుని, నా లైబ్రరీలో కూర్చుని ఉంది. ఆ ఆసుపత్రి డ్రాయింగు గీసిన పిల్ల దాన్ని తీసి కింది అంతస్తులో నాలుగు చోట్ల పెట్టింది. దానికేం తెలుసు, బాబాయ్ ఎంట్రీ అని కళ్లు మూసుకుని పెట్టింది.

అయితే ఏమిటి. ఎవరికి తెలుసు? నాకు తప్ప ఎవరికీ తెలీదు, నెత్తి మీద జాలీ సంగతి లాగే. వాడు నాదే అన్నాడు. తొమ్మిదేళ్లు నాదే నాదే అని తిన్నాడు, ఇప్పుడు ఎముక గొంతులో పడింది, నేనెందుకు వీపు మీద తట్టాలి? గోడ గడియారంలో పన్నెండు కావడానికి ఏడు నిమిషాలు. నాకు యాభై నాలుగు. బాగున్న మోకాలు ఒకటే. ఇక్కణ్ణుంచి పొమ్మంటే మళ్లీ రేకు వంచగలనా? వంచలేను. ఏ ఆఫీసువాడు ఎనిమిదో తరగతివాణ్ణి పిలిచి కంప్యూటరు ఇస్తాడు? వాడికేం, సర్టిఫికెట్టు ఉంది, రేపటికి ఇంకో కుర్చీ. న్యాయంగా చూసినా వాడే పోవాలి. న్యాయంగా. పైనుంచి మళ్లీ వాడి గొంతు వచ్చింది, ఈసారి నేలమీద పాకుతోంది.

"అది నేను చేసింది కాదు మేడమ్. టైపింగు పనంతా మా బావ చేస్తాడు. చదువు లేదు, పాపం ఏదో ఇంట్లో మనిషని పెట్టుకున్నాం."

"నీ పేరు నీ బావ ఎందుకు కొడతాడయ్యా?" పెద్దాయన.

"ఏమో సార్. చెప్పకూడదు గానీ... మా ఇద్దరికీ పడదు. కావాలనే కొట్టుంటాడు."

ఇంట్లో మనిషని పెట్టుకున్నారట. నన్ను. వీడు. ఏరు దాటాక తెప్ప తగలేసినవాళ్లని చూశాను, ఆ తెప్ప నాకు అడ్డం వచ్చిందని కేసు పెట్టినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను. తొమ్మిదేళ్లు అడిగినా ఇవ్వని లైబ్రరీని ఒక్క నిమిషంలో నా మొహాన పారేశాడు, అదీ కుళ్లిందని తెలిశాక. అది కూడా కాదు నన్ను కాల్చింది. ఆ "టైపింగు పని" అన్న మాట. టేపు పట్టుకుని షెడ్డుల్లో బోర్లా పడుకుని కొలిచింది టైపింగు. మోచెయ్యికి చోటు వదిలింది టైపింగు. పాపం అన్నాడు. ఆ పాపం వాడి గొంతులోకి తిరిగి దూరేదాకా నేను ఈ కుర్చీలోంచి లేవకూడదు అనుకుంటూ ఉండగానే తలుపు తెరుచుకుంది.

"ఏమయ్యా కేటలాగూ, లోపలికి రా" అన్నాడు పెద్దాయన.

లోపల చల్లగా ఉంది. పెద్ద తెర మీద ఎంట్రీ తెరిచి ఉంది, ముప్పై ఏడు గడులు, అన్నీ నా చేతి గుర్తులే. వాడు కంప్యూటరు ముందు కూర్చుని మౌసు మీద చెయ్యి పెట్టుకుని బల్ల వైపు చూస్తున్నాడు, నా వైపు కాదు. మెడ దగ్గర ముడి వదులైంది. "ఈ ఎంట్రీ ఎవరిది?" అన్నాడు పెద్దాయన. రికార్డులో ఉన్నదే సార్. ఆ ముక్క నాలుక చివర తయారుగా ఉంది, కిందికి వదిలితే చాలు. వదిలితే వీడు పోతాడు. వీడితోపాటు ఆ రెండువేల మూడొందల అరవై కూడా వీడి పేరునే పోతాయి, వీడు చేసిన లైబ్రరీ, వీడు ముంచిన లైబ్రరీ, ఇక మీదట ఈ ఆఫీసులో ఎవడు తలుచుకున్నా వీణ్ణే తిడతాడు, నేను కాపీలు టైపు చేసిన ముసలాణ్ణి. తిట్టు కూడా వీడికే. ఆఖరికి తిట్టు కూడా నాకు మిగల్చడా?

"నాదే సార్" అన్నాను.

వాడు తలెత్తాడు.

"ఎంట్రీ నాది, తప్పు నాది. పెద్ద ఫ్యానుకి కాపీ తీశాను, ప్రెజర్ గడి దిద్దకుండా సేవ్ నొక్కాను. పేరు కూడా కాపీలో వచ్చిందే, కావాలని కొట్టింది కాదు. కావాలని కొట్టేంత పెద్ద మనిషి కాదు వీడు. లైబ్రరీ మొత్తం నాది సార్, రెండువేల మూడొందల యాభై తొమ్మిది నేను చేశాను. వీడు చేసింది ఒక్కటి. ఆ పెద్ద ఫ్యాను."

"ఆ ఒక్కదాంట్లో ఎన్ని తప్పులున్నాయి?" అంది ఇంజనీరమ్మ.

ఆ ప్రశ్న ఆవిడ ఎందుకు అడిగిందో నాకు తెలీదు, అడక్కుండా ఉండాల్సింది. "లేవమ్మా" అన్నాను. "అందులో ఒక్క అంకె తప్పు లేదు."

"బావా..." అన్నాడు వాడు.

"నోర్ముయ్."

పెద్దాయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయనకి నేను రేకుల షెడ్డు రోజుల నుంచి తెలుసు. "ఆ పెద్ద ఫ్యాను మీద ఇంకెన్ని కాపీలు తీశావ్?" అన్నాడు.

"పదకొండు."

"అవి సరిగ్గా ఉన్నాయా?"

తెలీదు. ఈ పద్నాలుగేళ్లలో లైబ్రరీ గురించి నన్నెవరైనా ఏదైనా అడిగితే తెలీదు అనుకున్నది అదే మొదటిసారి. "చూడాలి సార్" అన్నాను.

"నేను చూస్తాను సార్" అన్నాడు నెక్‌టై, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ.

"నువ్వు ముట్టుకోకు. లే" అన్నాను.

వాడు పెద్దాయన వైపు చూశాడు. పెద్దాయన వాడి వైపు చూడలేదు. "సాయంత్రం దాకా కూర్చుని పదకొండూ చూసి చెప్పు" అన్నాడు నాతో. "రేపట్నుంచి రాకు. నిన్న అందరి ముందూ మాట అనేశాను." సరే సార్ అన్నాను. ఇంజనీరమ్మ కాగితాలు సర్దుకుంది. బూట్లు ఒక్కో జతా బయటికి వెళ్లాయి, కోసుమూతి జత తలుపు దగ్గర కాసేపు ఆగి, నేను తల తిప్పకపోతే అదీ వెళ్లింది. కూర్చున్నాను. మౌసు వాడి చేతి చెమటతో తడిగా, వెచ్చగా ఉంది, చొక్కాకి తుడిచాను. తెర మీద చిన్న ఫ్యాను ఇంకా తెరిచే ఉంది, ప్రెజర్ గడిలో నాలుగొందల యాభై కళ్ల ముందే కనబడుతోంది. దాని జోలికి తర్వాత వెళ్లొచ్చు. ముందు అట్టడుగు గడి దాకా వెళ్లి, వాడి పేరు ఒక్కో అక్షరం చెరిపి, నా పేరు కొట్టాను.